నాలుగో తరగతి ఏకసంథాగ్రాహి

పద్మావతి టీచర్‌కు ట్రైనింగులంటే గిట్టదు. ఇరవై నాలుగేళ్ల సర్వీసులో ఆవిడ చూసినవన్నీ ఒక్క మూసలోంచి ఊడిపడ్డవే. పొద్దున్నే రిజిస్టరులో సంతకం, పదకొండింటికి చాయ్ బిస్కెట్, మధ్యాహ్నం అన్నం, మూడింటికి మళ్లీ చాయ్, చివరికి అందరినీ నిలబెట్టి ఒక ఫొటో. ఆ ఫొటోలో కళ్లు మూసుకుపోయినవాళ్లే రోజంతా నిజాయితీగా కూర్చున్నవాళ్లని ఆవిడ అభిప్రాయం.

అందుకే, చదవడంలో ఇబ్బంది పడే పిల్లలను గుర్తించడం మీద సంగారెడ్డిలో మూడు రోజుల శిక్షణ అని కాగితం రాగానే ఆవిడకు ఒళ్లు మండింది. "చదవలేని వాణ్ణి గుర్తు పట్టడానికి మూడు రోజులెందుకయ్యా? వెనక వరస చూస్తే మూడు నిమిషాల పని" అంది, తనతోపాటు పేరు పడ్డ సుధీర్‌తో. సుధీర్ ఆవిడ బడిలోనే చిన్న తరగతులకు చెప్పే కుర్రాడు. ఉద్యోగంలో చేరి రెండేళ్లే అయింది కాబట్టి అతనికి ట్రైనింగుల మీద ఇంకా గౌరవం ఉంది.

ఇద్దరూ ఇంద్రేశం నుంచి ఆటోలో పటాన్‌చెరు వచ్చి, అక్కడ బస్సెక్కి సంగారెడ్డిలో దిగారు. హాల్లో నలభై మంది టీచర్లు. వాళ్ల ముందు నిలబడ్డ మనిషికి ముప్పై అయిదుకు మించి ఉండవు. పేరు ఖుద్సియా. సంగారెడ్డి ఆడపడుచే. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు చెప్పే ప్రత్యేక చదువేదో చదివి, జిల్లాలో బడులు తిరుగుతుందట. ఉపన్యాసం ఇవ్వలేదు. మైకు కూడా పట్టుకోలేదు. తలా ఒక కాగితం పంచి, పద్మావతి వైపు చూసి, "మేడమ్, మీ గొంతు మంచిగున్నదని అందరు అంటున్నరు. జెర లేచి చదువుండ్రి" అంది.

గొంతు సంగతి నిజమే. పద్మావతి తండ్రి నరసరాజు గారు భీమవరం వైపు నుంచి రామచంద్రాపురంలోని ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. రోజూ పొద్దున కూతురి చేత పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పైకి చదివించేవారు. ఆ చదువుతోనే ఆవిడకు అక్షరం మీద, గొంతు మీద కూడా పట్టు చిక్కింది. కాబట్టి కాస్త బెట్టుగానే లేచి నిలబడింది.

కాగితం మీద ఉన్నది తెలుగే. కానీ తలకట్లు ఎగిరిపోయాయి. వత్తులు పక్కింటికి పోయి కూర్చున్నాయి. పదాల మధ్య ఖాళీలు ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి. ఖుద్సియా చేతి గడియారం చూసుకుంటూ, "ఒక్క నిమిషం మేడమ్. జల్దీ. మీ వెనక ముప్పై తొమ్మిది మంది ఉన్నరు" అంది.

పద్మావతి గొంతు సవరించుకుంది. దగ్గింది. "గొంతు పట్టేసినట్టుంది, కాసిని మంచినీళ్లు..." అంది. నీళ్లు వచ్చాయి, తాగింది. కాగితం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. "మా సుధీర్ చదువుతాడు లెండి. కుర్రాడు, చురుగ్గా ఉంటాడు" అని చల్లగా కూర్చుంది.

ఖుద్సియా నవ్వలేదు. "మేడమ్, చదవకుండ తప్పించుకునేటందుకు మీరిప్పుడు మూడు పనులు చేసిన్రు. నోటుబుక్కుల రాసుకోండ్రి. పిల్లలు ఇంకెన్ని చేస్తరో మీరే చూస్తరు" అంది. హాలంతా గొల్లుమంది. పద్మావతికి ముఖం ఎర్రబడింది. తనకంటే అంత చిన్నది పదిమందిలో పరువు తీసిందని మండిపోయింది.

తర్వాత ఖుద్సియా చెప్పింది: "డిస్‌లెక్సియా, అంటే గీ చదువుడుల తకలీఫ్, ఉన్నోళ్లకు అక్షరాలు గిట్లనే కనిపిస్తయని కాదు. వాళ్ల కండ్లు మంచిగనే ఉంటయి. దిమాకు మంచిగుంటది, కొందరిది మనకన్న మంచిగుంటది. కాని గీ కాగితంతోని మీకెంత తకలీఫ్ అయిందో, మామూలు పేజీతోని వాళ్లకు అంత తకలీఫ్ అయితది. రోజూ అయితది. అది మొండితనం కాదు, సోమరితనం కాదు."

మూడు రోజులు అయ్యాక తలా ఒక ఫారం ఇచ్చింది. అందులో ఒక్కో వరసకు నాలుగే గడులు: పేరు, వయసు, తరగతి, మీరేం గమనించారు. "జబ్బు పేరు రాయకుండ్రి. అది తేల్చేటోళ్లు వేరే ఉన్నరు. మీరు కండ్లతోని చూసింది, చెవులతోని ఇన్నది రాయుండ్రి, సాలు. రెండు వారాల తర్వాత శుక్రవారం మీ బడికొస్త" అంది.

తిరుగు బస్సులో పద్మావతి కిటికీ పక్కన కూర్చుని తిట్టుకుంటూనే నోటుబుక్కు తీసింది. దగ్గు, మంచినీళ్లు, పక్కవాడి మీదకు నెట్టడం అని రాసుకుంది. రాసుకున్నాక, తను నిజంగా ఎందుకలా చేసిందో ఆలోచించింది. చదవడం రాదని తెలిసిపోతుందన్న భయం తప్ప ఇంకేమీ తట్టలేదు. ఇరవై నాలుగేళ్ల టీచర్‌కే ఒక్క నిమిషానికి అంత భయమైతే, అన్న ప్రశ్న ఆవిడను పటాన్‌చెరు దాకా వదల్లేదు.

*

ఇంద్రేశం ఒకప్పుడు ఊరు. ఇప్పుడు సగం ఊరు, సగం ప్లాట్లు. పొలాల్లో తెల్లరాళ్లు లేచాయి, వాటి మధ్య కిరాయి గదుల బిల్డింగులు లేచాయి. చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసేవాళ్ల పిల్లలంతా పద్మావతి బడికే వస్తారు. టీచర్లు తక్కువ కాబట్టి మూడు, నాలుగు, అయిదు తరగతులు ఒకే గదిలో, మూడూ ఆవిడ నెత్తినే.

ఫారం చేతికొచ్చిన మర్నాడే పద్మావతి వెనక వరసలోంచి ముగ్గురిని ఎంచింది. మహేంద్ర, కాషిఫ్, పవన్‌కుమార్. ఈ ముగ్గురూ ఆవిడ ప్రాణం తోడేస్తున్నవాళ్లే. మూడు నిమిషాల పని అన్న మాట నిజమైందనుకుంది. కానీ నాలుగో గడి ఒకటుంది కదా, మీరేం గమనించారు అని. అక్కడ పెన్ను ఆగింది. ఏం గమనించింది? చదవరు అన్నది తప్ప వాళ్ల గురించి తనకేమీ తెలియదు. సరే చూద్దాం అనుకుని కూర్చుంది, ఆ చూడటమే ఆవిడకు వ్యసనమైపోయింది.

మహేంద్ర బోర్డు మీది మాటల్ని సగం సగం ఎక్కించుకుంటాడు. వాణ్ణి తెచ్చి బోర్డుకు రెండడుగుల దూరంలో కూర్చోబెట్టింది. గడగడా చదివాడు! ఆవిడ నోరు తెరిచింది. వాడికి చూపు ఆనడం లేదు, అంతే. కళ్లద్దాలకు రాయించింది.

కాషిఫ్ మాటకు మాటకు ఆగుతాడు. వాళ్ల నాన్న గులాం రసూల్ రోడ్డు మీద వెల్డింగ్ షాపు నడుపుతాడు. ఆయన్ను పిలిచి అడిగితే, పోయినేడు వరకూ వాడు జహీరాబాదులో ఉర్దూ మీడియమ్‌లో చదివాడని చెప్పాడు. "మీ ఉర్దూ పుస్తకం పట్రారా" అంది పద్మావతి. వాడు తెచ్చి, కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ జలజలా చదువుతుంటే ఒక్క మాటా అర్థం కాకపోయినా ఆవిడ చివరిదాకా విన్నది. వీడికి చదవడం రాకపోవడమేమిటి, తెలుగు కొత్త, అంతే.

ఇక పవన్‌కుమార్. దసరా నుంచి సంక్రాంతి దాటేదాకా గడిచిన రెండేళ్లూ వాడు తల్లిదండ్రులతో బిల్డింగు పనులకు వేరే ఊళ్లు తిరిగాడు. వాడికి ఎవరు చెప్పినా గుణింతాలు సగం దాకే చెప్పారు. మిగతా సగం పద్మావతి వారం రోజులు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. పట్టేసుకున్నాడు.

రెండో బుధవారానికి ఫారం మీద మూడు పేర్లూ కొట్టేసి ఉన్నాయి. ఆవిడకు సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది. ఇన్నాళ్లూ మొద్దులని తిట్టిన ముగ్గురికీ మూడు వేరు వేరు కారణాలు, ఒక్కటీ మొద్దుతనం కాదు. "మన క్లాసులో అసలు లేరేమో మేడమ్. ఉండి తీరాలని రూలేం లేదు కదా" అన్నాడు సుధీర్. "ఉంటే నాకు దొరక్కుండా ఎక్కడికి పోతారు?" అంది ఆవిడ, తన కళ్ల మీద తనకు అంత నమ్మకం మరి.

*

ఆ గదిలో ఒక పద్ధతుంది. ఒక తరగతికి పాఠం చెప్పేటప్పుడు ఇంకో తరగతి గోల చేయకుండా, ఒక లీడర్ నిలబడి పుస్తకం చూస్తూ ఒక్కో వాక్యం చదువుతుంది. మిగతా వాళ్లు గొంతెత్తి అదే అంటారు. ఒక్క టీచరున్న చోట ఇంతకంటే గతి లేదు. పద్మావతి చిన్నప్పుడూ ఇదే, ఆవిడ తండ్రి చిన్నప్పుడూ ఇదే.

మూడో తరగతి నుంచీ ఆ లీడర్ తనుశ్రీ. రెండు జడలు, గణగణలాడే గొంతు, వాక్యం ఎక్కడ ఆపాలో ఎక్కడ లాగాలో తెలిసిన పిల్ల. పద్మావతి ఒక్కసారి పాఠం చదివి వినిపిస్తే చాలు, మర్నాడు పొల్లుపోకుండా చదివేది. పిల్లలు దాన్ని చిన్న టీచర్ అని పిలిచేవాళ్లు. ప్రోగ్రెస్ కార్డు మీద పద్మావతి తన గుండ్రటి అక్షరాలతో ఏకసంథాగ్రాహి అని రాసింది. ఆ మాటకు అర్థం ఆ పిల్ల తల్లికి విడమరిచి కూడా చెప్పింది, ఒక్కసారి వింటే పట్టేసే పిల్ల అని. నోటుబుక్కులో రాత మాత్రం కోడి గెలికినట్టు ఉండేది, ఒకే మాట మూడు చోట్ల మూడు రకాలుగా ఉండేది. 'తొందర తగ్గించుకో' అని ఎర్ర పెన్నుతో రాసి వదిలేసేది పద్మావతి. చురుకైన పిల్లలకు తొందరే కదా అనుకునేది.

గురువారం పొద్దున తనుశ్రీ తేనెటీగల పాఠం చదివిస్తోంది. కరెంటు పోయి అరగంటైంది. పద్మావతి అలమరలోంచి సుద్దముక్కలు తీసుకుని తనుశ్రీ వెనగ్గా వస్తోంది. ఇంతలో కరెంటు వచ్చింది, ఫ్యాను ఒక్క ఊపున తిరిగింది, తనుశ్రీ చేతిలో పుస్తకం రెపరెపమని పేజీలు తిప్పుకుని ఆగింది.

"తేనెటీగలు ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వు మీదకు ఎగురుతాయి" అంది తనుశ్రీ.

"ఎగురుతాయి!" అన్నారు పిల్లలు.

పద్మావతి ఆ పిల్ల భుజం మీదుగా పుస్తకంలోకి చూసింది. అక్కడ తేనెటీగలు లేవు. అది వేరే పాఠం, పేజీ మధ్యలో ఎడ్లబండి బొమ్మ. తనుశ్రీ చూపు పేజీ మీదే ఉంది. వేలు వాక్యం కింద ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా, శ్రద్ధగా కదులుతోంది. వాక్యం అయిపోగానే కింది వరసకు దిగుతోంది. నోరు మాత్రం తేనెటీగల పాఠం తప్పులేకుండా చెబుతోంది. "పుప్పొడిని కాళ్లకు అంటించుకుంటాయి" అంది, ఎడ్లబండి చక్రం కింద వేలు పెట్టి.

పద్మావతి చేతిలో సుద్దముక్క విరిగింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిందిట వెనకటికి ఎవతో. రెండు వారాలు వెనక వరస గాలించిన మనిషికి ముందు నిలబడ్డ పిల్ల కనిపించలేదు.

అన్నాలయ్యాక తనుశ్రీని ఒక్కదాన్నే పిలిచి, పిల్లలెవరూ తెరవని కథల పుస్తకం ఒకటి అలమరలోంచి తీసి చేతికిచ్చింది. తనుశ్రీ పుస్తకం వంక చూసింది. దగ్గింది. "నీళ్లు తాగొస్త టీచర్" అని వెళ్లి, చాలాసేపటికి వచ్చింది. వచ్చి, ఎంతో ముద్దుగా, "మీరే ఓసారి చదువుండ్రి టీచర్. మీరు చదివితే మంచిగుంటది" అంది.

నోటుబుక్కులో పద్మావతి రాసుకున్న వరస వరసే ఇది. కోప్పడలేదు. పేజీ మొత్తం చదివి వినిపించింది. "ఇప్పుడు నువ్వు చెప్పు" అంటే, తనుశ్రీ ఒక్క మాట పొల్లుపోకుండా పేజీ మొత్తం అప్పజెప్పింది. ఇలాంటి బుర్ర నా సర్వీసు మొత్తంలో చూడలేదు కదా అనుకుంది పద్మావతి, ఈ బుర్రంతా దాచుకోవడానికే ఖర్చయిపోతోంది కదా అనుకుంది.

"తనూ, అక్షరాలు ఏం చేస్తాయే నిన్ను?" అని అడిగింది. తిట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే.

ఆ పిల్ల గుమ్మం వైపు చూసింది, ఎవరూ లేరు. "ఒక్కటొక్కటి అన్ని తెలుసు టీచర్. కలిసొస్తెనే పరేషాన్. మొదటిది చదివి రెండోది చదివేసరికి మొదటిది పోతది. మల్ల ఎనక్కి పోత. గంతల అందరు అయిపోగొడ్తరు" అంది. ఆగి, కళ్లనిండా నీళ్లతో, "అమ్మకు చెప్పకు టీచర్. లీడర్‌ల నుంచి తీసెయ్యకు" అంది.

వాళ్లమ్మకు చెప్పక తప్పదని పద్మావతికి తెలుసు, చెప్పే ధైర్యమే లేదు.

ఎందుకంటే ఆవిడ మాట ఇచ్చింది. తనుశ్రీ తల్లి శివమ్మ పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పని చేస్తుంది. తండ్రి లారీ మీద పోతే నెలకోసారి వస్తాడు. నాలుగింటికి బడి వదిలాక తల్లి డ్యూటీ దిగి వచ్చేదాకా ఆ పిల్ల కిరాయి గదిలో లోపల గొళ్లెం పెట్టుకుని కూర్చుంటుంది. పక్క గదుల్లో మనుషులు నెలకొకరు మారుతుంటారు, ఎవరెలాంటివాళ్లో తెలియదు. అందుకే శివమ్మకు ఒక్కటే కోరిక, పిల్లకు గురుకులంలో సీటు రావాలి, అక్కడే ఉండి చదువుకోవాలి. జూన్‌లో వచ్చి అడిగితే పద్మావతి గుండె మీద చెయ్యేసుకుని, "సీటు నాది పూచీ, నీ కూతురు ఏకసంథాగ్రాహి" అంది. ఆ ప్రవేశ పరీక్ష ఇంకో రెండు నెలల్లో ఉంది. కాగితం మీద ప్రశ్నలు, పిల్ల ఒక్కతే కూర్చుని చదువుకోవాలి.

*

శుక్రవారం ఖుద్సియా వచ్చింది. తనుశ్రీతో గంటసేపు కూర్చుని ఆటలాగా ఏవో అడిగింది. పిల్లను పంపించేసి పద్మావతితో, "మంచిగ గమనించిన్రు మేడమ్. గిసుంటి పిల్లలు దొరకరు. ఎనక కూసునేటోళ్లు దొరుకుతరు గని ముందట నిలవడేటోళ్లు దొరకరు" అంది.

ఆ మెచ్చుకోలు పద్మావతికి ఎక్కలేదు. "ఇప్పుడేం చెయ్యాలి?" అంది.

"బుధవారం సంగారెడ్డిల క్యాంపు ఉన్నది, నిపుణులు వచ్చి పరీక్ష చేస్తరు. వాళ్లు కాయితం ఇస్తే గురుకులం పరీక్షల ప్రశ్నలు చదివి చెప్పేటందుకు ఒక మనిషిని, జెర ఎక్కువ టైమును అడగొచ్చు. ఇస్తరని నేను మాట ఇయ్యలేను. అడుగుడైతే మన పని. కాని తల్లి సంతకం కావాలె, సోమవారం వరకు. ఇప్పుడు తప్పితే ఇంకో క్యాంపు పరీక్ష అయినంకనే."

"మీరే చెప్పండి వాళ్లమ్మకు. విషయం తెలిసినవాళ్లు, మీరు చెబితే వింటుంది."

ఖుద్సియా బల్ల మీదున్న ప్రోగ్రెస్ కార్డు తెరిచింది. "దీని మీద ఎవరు రాసిన్రు మేడమ్?" అని అడిగి, కార్డు మూసి ఆవిడ ముందు పెట్టి వెళ్లిపోయింది.

కబురు పెడితే శివమ్మ శనివారం పొద్దున డ్యూటీకి వెళ్లే ముందు వచ్చింది. మెడలో కంపెనీ కార్డు, చేతిలో టిఫిన్ డబ్బా. పిల్లలను సుధీర్‌కు అప్పగించి, పద్మావతి ఆమెను బల్ల దగ్గర కూర్చోబెట్టింది. రాత్రంతా అల్లుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. ట్రైనింగు సంగతి దగ్గర్నుంచి ఉన్నదున్నట్టు చెప్పింది.

శివమ్మ సగం దాకా విని లేచి నిలబడింది. "ఏందమ్మా, నా బిడ్డకు తక్కువున్నదంటున్నవా?"

"తక్కువ కాదు శివమ్మా. బుర్రకేం తక్కువ లేదు. చదవడం ఒక్కటే..."

"బడిల అందరికి చదివిపిచ్చేటిదే నా బిడ్డ. మీరే చెప్పిన్రు. గీ కార్డుల రాసిన్రు గదా, నేను కంపెనీల అందరికి సూపెట్టిన." ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ప్రోగ్రెస్ కార్డుల జిరాక్సులు తీసి బల్ల మీద పెట్టింది. జిరాక్సు తీయించుకుని దాచుకుంది ఆ తల్లి. "గిది ఎవరు రాసిన్రు?"

"నేనే" అంది పద్మావతి.

"అబద్ధమా?"

ఏ టీచరూ ఏ తల్లికీ చెప్పని మాట ఒకటి పద్మావతి చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు దగ్గితే లాభం లేదు. "అబద్ధం కాదు, కానీ చూడకుండా రాశానమ్మా. పిల్ల గొంతు విన్నాను, చదవడం చూళ్లేదు. రెండేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒంటరిగా చదివించలేదు. తప్పు నాది. పిల్లది ఇసుమంత కూడా లేదు" అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా ఉంది.

శివమ్మ నమ్మలేదు. గుమ్మం దగ్గరికి వెళ్లి, "తనూ!" అని కేకేసింది. పిల్ల వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. "చెప్పే. నీకు చదువొస్తదా, రాదా?"

తనుశ్రీ టీచర్ వంక చూసింది, నమ్మకద్రోహం చేసినదాన్ని చూసినట్టు. పద్మావతికి ఆ చూపు గుచ్చుకుంది. దగ్గరికి వెళ్లి, "నాకు చెప్పావు కదా, అట్లాగే చెప్పు తల్లీ. ఎవరూ కొట్టరు. లీడర్‌గా కూడా ఎవరూ తియ్యరు" అంది.

తనుశ్రీ నేల చూస్తూ చెప్పింది. "ఒక్కటొక్కటి తెలుసమ్మా. కలిసొస్తె మొదటిది పోతది. ఎనక్కి పోయి చూసేసరికి ఏడున్ననో మర్చిపోత. జల్దీ చదువు అంటే ఇంక ఎక్కువ అయితది, చెవులల్ల గుయ్యిమంటది. గందుకే ఇని యాదికి పెట్టుకుంట."

శివమ్మ మళ్లీ కూర్చుంది. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, దాని మూత మీద వేలితో గీతలు గీసింది.

"మా సార్లకు గీ ట్రైనింగు లేకుండెనా టీచర్?" అంది శివమ్మ.

పద్మావతికి ముందు అర్థం కాలేదు.

"నాకు గూడ గట్లనే అయ్యేది. చెవులల్ల గుయ్యిమనుడు గూడ. సారు కట్టెతోని కొడ్తుంటె ఇంక ఏం కనిపియ్యకపోయేది. ఇది మొద్దు, దీన్ని పనికి తోలుకపో అన్నడు మా నాయినతోని. నేను గూడ గంతే అనుకున్న ఇన్నేండ్లు." ఆమె తనుశ్రీని దగ్గరికి లాక్కుని, దాని జడ సరిచేసింది. "కంపెనీల డబ్బాల మీద పేర్లు చదవరాదు నాకు. మూతల రంగు, డబ్బా సైజు యాదికి పెట్టుకుంట. పదేండ్లల్ల ఒక్కటి తప్పలే. మొద్దుదైతే తప్పకుంటుండెనా?"

"ఉండేది కాదు" అంది పద్మావతి. ఆవిడకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. "మీ సార్లకు లేదమ్మా ఈ ట్రైనింగు. నాకూ మొన్నటిదాకా లేదు." ఇరవై నాలుగేళ్లుగా తను మొద్దులనుకుని ఇళ్లకు పంపిన పిల్లలు ఎందరో లెక్క పెట్టబోయి, లెక్క తెగక వదిలేసింది.

"సంతకం ఏడ పెట్టాలె?" అంది శివమ్మ. పెన్ను గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ తన పేరు రాసింది. "సీటు ఒస్తదా మరి?"

"ఈసారి పూచీ ఇవ్వను శివమ్మా. పరీక్ష చేయిద్దాం. ఆ కాగితం పట్టుకుని నేనే ఆఫీసులు తిరుగుతాను. ఇక నుంచి సాయంత్రం నువ్వు వచ్చేదాకా తనూ గదిలో ఒక్కతే ఉండక్కర్లేదు. మా ఇంటికి తీసుకుపోతాను, రోజూ ఒక గంట నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి చదువుకుందాం. ఎంతవరకు వస్తుందో నాకూ తెలియదు. నేనూ ఇప్పుడే నేర్చుకుంటున్నాను."

శివమ్మ తలూపి లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. "గా పరీక్ష పిల్లలకేనా టీచర్? పెద్దోళ్లకు జెయ్యరా?"

"తెలియదమ్మా. అడుగుతాను."

"అయితె నా పేరు గూడ రాయి."

పద్మావతి ఫారం తీసింది. కొట్టేసిన మూడు పేర్ల కింద తనుశ్రీ పేరుంది. దాని కింద శివమ్మ అని రాసింది. వయసు అడిగింది, ముప్పై ఒకటి అంది శివమ్మ. తరగతి గడి దగ్గర ఆగి తలెత్తింది.

"మూడు" అంది శివమ్మ. "మూడుల్నే బంద్ జేసిన."

మూడు అని రాసింది పద్మావతి. ఇక మిగిలింది చివరి గడి. గమనించిందేదో రాయాలి. ఏం రాయమంటావన్నట్టు చూసింది.

శివమ్మ టిఫిన్ డబ్బా సర్దుకుని, కూతురి చెయ్యి పట్టుకుంది. "మొద్దు కాదని రాయి టీచర్" అంది.

పద్మావతి అదే రాసింది.